చుక్క పైకి బాగుంటే చాలదు!

మన వంటింట్లో కొన్ని స్టీలు గిన్నెలకు పిడి అతికిన చోట గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి, గమనించారా? అది స్పాట్ వెల్డింగ్. ఇనప బీరువాకూ ఇదే. ఇక కారు బాడీకైతే ఇలాంటి చుక్కలు వేలల్లో ఉంటాయి. అవి గట్టిగా పడుతున్నాయో లేదో చూడటమే నా ఉద్యోగం.

ఇందులో వెల్డింగ్ కడ్డీ ఉండదు. రెండు రేకుల్ని పైనా కిందా రాగి మొనలు అదిమి పట్టుకుంటాయి. వాటిగుండా కరెంటు పోగానే రేకులు కలిసేచోట వేడి పుట్టి, లోహం కరిగి, చల్లారి ఒకటైపోతుంది. మిల్లీమీటరు మందం ఇనప రేకులకు సుమారు 8 నుంచి 10 వేల ఆంపియర్లు కావాలి. మన ఇస్త్రీపెట్టె లాగేది నాలుగైదే! కాకపోతే ఇక్కడ ఓల్టేజీ చాలా తక్కువ. పనంతా సెకనులో ఐదోవంతులో అయిపోతుంది.

చిక్కల్లా ఏమిటంటే, కరెంటు పదోవంతు తగ్గితే వేడి దాదాపు ఐదోవంతు తగ్గిపోతుంది. కేబుల్ బిగింపు వదులైనా, లైన్లో ఓల్టేజీ పడిపోయినా ఇంతే. చుక్క మాత్రం పైకి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే మెషిన్ చేతికి గాజు తొడిగినట్టు ఒక తీగచుట్ట తొడుగుతాం. ప్రతి చుక్కకూ ఎంత కరెంటు పోయిందో మీటరు చెబుతుంది. హద్దు తప్పితే పని ఆపించేస్తాను.

"చుక్క బాగానే ఉంది కదమ్మా, ఎందుకాపుతారు?" అని పెద్ద వయసు ఆపరేటర్లు విసుక్కుంటారు. నేను వాదించను. ఆ ముక్కనే తీసుకుని రేకులు విడదీసి చూపిస్తాను. మంచి వెల్డు ఒక రేకును చింపుకుని గుండీలా ఊడివస్తుంది. కరెంటు చాలనిదైతే పట్టులేకుండా విడిపోతుంది. అది సీటు ఫ్రేము అనుకోండి... రేపు ఓ తల్లి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది దానిమీదే కదా!

అలాగని మీటరునొక్కదాన్నే నమ్మకూడదు. వాడగా వాడగా రాగి మొనలు అణిగి వెడల్పవుతాయి. అంకె సరిగ్గానే ఉంటుంది, కానీ కరెంటు ఎక్కువ మేర పరుచుకుని వేడి చాలదు. అందుకే మొనలు చెక్కించడం, మధ్యమధ్య ముక్కలు విడదీసి చూడటం తప్పదు.

ఐటీఐ, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఒక మాట. ఈ పనికి కండబలం అక్కర్లేదు. షెడ్డులో పదిమందీ "పోనీలెద్దురూ" అంటున్నా మీటరు చూపిన అంకె దగ్గర నిలబడగలిగితే చాలు.