నొప్పి తగ్గింది సరే.. పన్ను మాటేమిటి?

వేరు చికిత్సతో పిప్పి పన్నును నిలుపుకోవచ్చు
మాత్రలతో కాలం గడిపితే దవడకే ముప్పు

గోదావరిఖని: రాత్రి షిఫ్టుకు బయలుదేరే వేళ దవడ పన్ను సలపడం మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్తే మస్టరు పోతుందన్న ఆలోచనతో మందుల దుకాణంలో రెండు నొప్పి మాత్రలు కొని మింగి, పన్ను కింద లవంగం అదిమి గనికి వెళ్లిపోతారు. కొన్నాళ్లకు నొప్పి దానంతట అదే మాయమవుతుంది. జబ్బు నయమైందనుకుంటారు. నెలలు గడిచాక దవడ వాచి వైద్యుని వద్దకు వస్తే, అప్పటికి పన్ను పీకడం తప్ప మార్గం ఉండకపోవచ్చు. నొప్పి ఆగడం, జబ్బు తగ్గడం ఒకటి కాదన్న సంగతి తెలియకపోవడమే ఇందుకు కారణం.

నొప్పి ఎందుకు ఆగుతుంది?
పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల జీవమున్న భాగం ఉంటుంది. పైన ఎనామిల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్, నడుమ రక్తనాళాలు, నరాలతో కూడిన మెత్తని దంతమజ్జ ఉంటాయి. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మార్చి ఎనామిల్‌ను కరిగిస్తాయి. షిఫ్టులో నాలుగైదు సార్లు చక్కెర చాయ్ తాగితే అన్నిసార్లూ పళ్లకు ఆమ్లం తగిలినట్లే. పుచ్చు మజ్జ వరకు చేరితే లోపల వాపు వస్తుంది. గట్టి గోడల మధ్య ఆ వాపుకు చోటు ఉండదు కనుక నొప్పి భరించరానిదిగా ఉంటుంది. వేడి, చల్లని పదార్థాలు తగిలితే జివ్వుమని చాలాసేపు లాగడం, పడుకుంటే నొప్పి పెరగడం దీని లక్షణాలు.

క్రమంగా మజ్జ చచ్చిపోతుంది. నరమే లేనప్పుడు నొప్పి తెలియదు. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొస దాటి ఎముకలోకి చొచ్చుకుపోయి చీముగడ్డ కడతాయి. చచ్చిన మజ్జకు రక్తప్రసరణ ఉండదు కాబట్టి యాంటీబయాటిక్ మాత్రలు మింగినా మందు అక్కడికి చేరదు. మాత్రలతో వాపు తాత్కాలికంగా తగ్గినా మళ్లీ తిరగబెట్టడానికి ఇదే కారణం.

1965లో అమెరికా పరిశోధకులు ఎలుకలపై జరిపిన ప్రయోగం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. సూక్ష్మజీవులు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లకు రంధ్రం చేసి మజ్జను తెరిచి వదిలేసినా అది మానింది. మామూలు ఎలుకల్లో మాత్రం కుళ్లిపోయింది. లోపలి సూక్ష్మజీవులను తొలగించి, మళ్లీ చేరకుండా మూసివేస్తే పన్ను నిలుస్తుందన్నదే రూట్ కెనాల్ చికిత్స మూలసూత్రం.

చికిత్స ఇలా..
ముందుగా ఎక్స్‌రే తీసి వేర్ల తీరు, ఎముక స్థితి పరిశీలిస్తారు. మత్తు సూది ఇచ్చి పన్ను పైభాగంలో చిన్న రంధ్రం చేస్తారు. సన్నని ఫైళ్లతో చెడిన మజ్జను తీసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కాలువలను కడుగుతారు. ముందు పళ్లకు సాధారణంగా ఒక కాలువ ఉంటుంది. దవడ పళ్లకు మూడు, నాలుగు ఉండవచ్చు. ఒక్కటి వదిలేసినా జబ్బు తిరగబెడుతుంది. శుభ్రమయ్యాక గట్టాపెర్చా అనే పదార్థంతో కాలువలను నింపుతారు. మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి లభించే ఈ పదార్థాన్ని 19వ శతాబ్దం నుంచి దంతవైద్యంలో వాడుతున్నారు.

దీనికి ఒకటి నుంచి మూడు సార్లు వెళ్లాల్సి రావచ్చు. మొదటి షిఫ్టులో ఉన్నప్పుడు సాయంత్రం, రెండో షిఫ్టులో ఉదయం సమయం తీసుకుంటే మస్టరు పోకుండానే చికిత్స పూర్తవుతుంది. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయరాదు. చికిత్స చేసిన దవడ పన్ను నమలేటప్పుడు పగిలే ప్రమాదం ఉన్నందున క్యాప్ తప్పక వేయించుకోవాలి. క్యాప్ ఖర్చుకు వెనుకాడి పన్నునే పోగొట్టుకున్న వారు ఉన్నారు.

గనిలో పంటి పట్టు
భూగర్భ గనిలో దిగే కార్మికులు తమ వెంట సెల్ఫ్ రెస్క్యూయర్ తీసుకెళ్తారు. విషవాయువు వ్యాపిస్తే దాని రబ్బరు కొసను పళ్ల మధ్య బిగించి, పెదవులు మూసి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని బయటపడాలి. పళ్ల పట్టు అక్కడ ప్రాణానికి అండ. పన్ను తీయించుకుని ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జరుగుతుంది.

మంటలు చెలరేగే ప్రమాదం ఉన్నందున భూగర్భంలో బీడీ, అగ్గిపెట్టె నిషిద్ధం. దీంతో కొందరు తంబాకు, జర్దాకు అలవాటు పడతారు. నొప్పి ఉన్న పన్నులో పొగాకు పెట్టేవారూ ఉన్నారు. పొగాకు పన్ను చుట్టూ ఉన్న ఎముకను దెబ్బతీస్తుంది, నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఎముక కరిగి పన్ను కదిలిపోతే వేరు చికిత్స చేసినా ఫలితం ఉండదు.

పీకక తప్పని స్థితి
వేరు నిలువునా చీలినా, పుచ్చు చిగురు లోతుకు దిగి పైభాగం మిగలకపోయినా పన్ను తీయాల్సి వస్తుంది. పై దవడ పన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుందన్న భయం మాత్రం నిరాధారం. పంటి నరం వేరు, చూపు నరం వేరు. మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ విషయం ముందే వైద్యునికి చెప్పాలి.

సింగరేణి కార్మికులు, కుటుంబ సభ్యులు ముందుగా తమ డిస్పెన్సరీ లేదా ఏరియా ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఇతరులకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం లేదా ఊపిరి తీసుకోవడం కష్టం కావడం వంటివి కనిపిస్తే తెల్లారే వరకు ఆగరాదు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. అంతవరకు రాకముందే, మొదటిసారి జివ్వుమన్నప్పుడే చూపించుకుంటే చాలాసార్లు చిన్న ఫిల్లింగ్‌తోనే పని ముగుస్తుంది.