పాత ప్రోగ్రాముల వేళ్ళు

పొలములో తుంగ పెరిగిన రైతునకు ఒక సంగతి తెలియును. పైకి కనిపించు గడ్డిని కోసివేసినంత మాత్రమున తుంగ పోదు. నేలలోని గడ్డలు అట్లే ఉండి, ఒక్క తడి తగిలినచో మరల చిగిర్చును. ఇంటి కంప్యూటరులో చిరకాలముగా ఉన్న పాత ప్రోగ్రాముల స్వభావము ఇంచుమించు ఇట్టిదే. తెరమీది గుర్తును చెరిపివేసి, ఇక ఇది పోయినదని మనము అనుకొందుము. మరునాడు కంప్యూటరు తెరవగానే ఆ ప్రోగ్రామే ఏదో ఒక ప్రకటనతో ఎదురగును. పద్ధతిగా తీయబోయినచో, తొలగించుట సాధ్యము కాలేదని మొండికెత్తును. ఈ మొండితనమునకు కారణమేమి, దానిని వదలించు క్రమమేమి, వదలించుటకు ముందు మనము కాపాడుకొనవలసినది ఏమి అను మూడు విషయములను ఈ ప్రసంగములో విచారింతము. మన యిండ్లలో ఎక్కువగా కనిపించునవి విండోస్ కంప్యూటర్లు గనుక వానినే దృష్టిలో ఉంచుకొని చెప్పుచున్నాను.

ముందుగా ప్రోగ్రాము కంప్యూటరులో ఎట్లు నెలకొనునో చూతము. తెరమీద కనిపించు బొమ్మ దుకాణము ముందరి బోర్డు వంటిది. బోర్డు తీసినంతనే దుకాణము మూతపడదు. ఇన్‌స్టాలు చేసిన నాడు ప్రోగ్రాము తన ముఖ్యమైన ఫైళ్ళను సాధారణముగా ప్రోగ్రాం ఫైల్స్ అను ఫోల్డరులో ఉంచును. మీరు చేసికొనిన చిన్న చిన్న ఏర్పాట్లను, అనగా అక్షరముల పరిమాణము, రంగులు మొదలగువానిని, మీ పేరిట నున్న యాప్‌డేటా అను మరుగు ఫోల్డరులో వ్రాసికొనును. ఇతర ప్రోగ్రాములతో కలిసి వాడుకొను ఫైళ్ళను ఉమ్మడి చోట చేర్చును. కొన్ని ప్రోగ్రాములు అంతటితో ఆగవు. కంప్యూటరు తెరచిన ప్రతిసారి తామును మేల్కొనునట్లు ఏర్పాటు చేసికొనును. కంటికి కనబడక వెనుక పనిచేయు సర్వీసుగా ఒక భాగమును నిలుపును. ఫలానా వేళకు తమ్ము లేపవలెనని టాస్క్ షెడ్యూలరుకు చెప్పి ఉంచును.

ఈ ఏర్పాట్లలో పెక్కింటికి దస్తరము రిజిస్ట్రీ. 1995లో వెలువడిన విండోస్ 95 నాటినుండి విండోస్ వ్యవహారమంతయు దీనిపై ఆధారపడి ఉన్నది. గ్రామములో ఏ సర్వే నంబరు భూమి ఎవరి సాగులో ఉన్నదో అడంగలులో వ్రాసియుండునట్లు, ఏ ప్రోగ్రాము ఎక్కడ ఉన్నది, ఏ రకపు ఫైలును ఏది తెరువవలెను, ఏ ప్రోగ్రామును తొలగించుటకు ఏ ఆజ్ఞ ఈయవలెను అను వివరములు దీనిలో ఉండును. ఉమ్మడి ఫైళ్ళకు ఒక లెక్క కూడ ఇందే కలదు. ఒక ఫైలును మూడు ప్రోగ్రాములు వాడుకొనుచున్నచో దాని ఎదుట 3 అని నమోదగును. వానిలో ఒకటి పద్ధతి ప్రకారము వైదొలగినపుడు ఆ లెక్క 2 అగును. లెక్క సున్నకు వచ్చిన తరువాతనే ఆ ఫైలును తీసివేయుట క్షేమము.

ఇక, ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును ఎవరైన చేతితో చెరిపివేసినచో ఏమగునో ఊహింపవచ్చును. ఇల్లు కూలినది గాని దస్తరములో పేరు మిగిలినది. ఉమ్మడి ఫైళ్ళ లెక్క తగ్గలేదు. తొలగింపు పనిని నిర్వహింపవలసిన అన్‌ఇన్‌స్టాలరు అను చిన్న ప్రోగ్రాము తరచుగా ఆ ఫోల్డరులోనే ఉండును గనుక అదియు దానితో పాటు పోయినది. తరువాత పద్ధతిగా తీయబోయినను ఆ పని చేయువాడు లేడు. మనము మొండితనమని పిలుచునది పెక్కుసార్లు ఇట్లు పుట్టినదే.

ఇంత శ్రమపడి పాతదానిని తీయుట ఎందుకని కొందరడుగవచ్చును. చోటు కలిసివచ్చుట స్వల్పలాభము. అసలు కారణము భద్రత. ప్రతి ప్రోగ్రాములోను కాలక్రమమున లోపములు బయటపడుచుండును. తయారుచేసినవారు దానిని పోషించుచున్నంత కాలము ఆ లోపములకు దిద్దుబాట్లు పంపుచుందురు. వారు చేతులెత్తిన నాటినుండి ఆ ప్రోగ్రాము గడియ లేని దొడ్డివాకిలి వంటిదగును. నేడు అదే కంప్యూటరు మీద బ్యాంకు వ్యవహారములు, ఆదాయపు పన్ను పత్రములు, పిల్లల పరీక్షల దరఖాస్తులు సాగుచున్నవి గదా.

ఇందుకు ఫ్లాష్ ప్లేయరు మంచి ఉదాహరణము. 1996లో వెలువడిన ఫ్లాష్ ఒకప్పుడు ఇంటర్నెట్టులోని కదలు బొమ్మలకు, ఆటలకు, వీడియోలకు ముఖ్యాధారము. అది 2005లో అడోబీ సంస్థ పరమైనది. పోషణను నిలిపివేయనున్నట్లు ఆ సంస్థ 2017 జూలైలోనే ప్రకటించెను. 2020 డిసెంబరు 31తో దిద్దుబాట్లు నిలిచిపోయినవి. 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ ప్లేయరు తనలో ఏ దృశ్యమును నడువనీయకుండ చేసిరి. విండోస్‌తో పాటు వచ్చిన ఫ్లాష్‌ను తొలగించుటకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక దిద్దుబాటును విడుదల చేసెను. కాని వాడుకరి స్వయముగా తెచ్చి ఇన్‌స్టాలు చేసికొనిన ఫ్లాష్‌ను అది ముట్టదు. కనుక ఆనాడు పిల్లల ఆటల కొరకు విడిగా తెచ్చికొనినవారి కంప్యూటర్లలో అది నేటికిని ఉండవచ్చును. విండోస్ కొరకు ఆపిల్ సంస్థ చేసిన క్విక్‌టైం కథయు ఇట్టిదే. దిద్దుబాట్లు నిలిచిన ఆ ప్రోగ్రాములో రెండు తీవ్రమైన లోపములు బయటపడగా, దానిని తొలగింపుడని 2016 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా విభాగము హెచ్చరించెను.

తొలగింపునకు ముందు ఆలోచింపవలసినది మరియొకటి ఉన్నది. ప్రోగ్రాము పనికిరానిదైనను, దానితో చేసిన పని పనికిరానిది కాకపోవచ్చును. తెలుగువారి యిండ్లలో ఈ మాట ముఖ్యముగా పాత తెలుగు టైపింగు ప్రోగ్రాములకు వర్తించును. అను, శ్రీలిపి మొదలగు పాత ఫాంట్లతో అచ్చు పనులు, ఉత్తరములు, శుభలేఖలు, వంశవృక్షములు, స్వీయచరిత్రలు ఎన్నియో టైపు చేయబడినవి. ఈ పాత పద్ధతిలో ఫైలులో దాచబడునది నిజమునకు తెలుగు అక్షరము కాదు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును కేటాయించిన సంఖ్యలనే వాడుకొని, వాని స్థానమున తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలగు ముక్కల రూపములను ఫాంటు తెరమీద చూపును. ఫాంటు ఉన్నంతవరకు అది తెలుగు. ఫాంటు పోయిన క్షణమున అది అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల పోగు. పైగా ఒక్కొక్క ఫాంటు కూర్పు ఒక్కొక్క తీరున ఉండుటచే ఒకదానికి బదులు వేరొకటి పెట్టినను అక్షరములు కుదురుకొనవు.

యూనికోడు ఈ చిక్కును తీర్చినది. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగు అక్షరములకు తమవైన సంఖ్యలు లభించినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు కూడ అందినది. యూనికోడులో వ్రాసినది ఏ తెలుగు ఫాంటుతోనైన, చేతిలోని ఫోనులోనైన చదువవచ్చును. కాబట్టి పాత టైపింగు ప్రోగ్రామును తీయుటకు ముందు మూడు పనులు చేయవలెను. మొదటిది, దానితో వ్రాసిన పత్రములన్నిటిని వెదకి ఒకచోట చేర్చుట. రెండవది, ఫాంటు ఇంకను ఉండగానే ప్రతి పత్రమును పీడీఎఫ్‌గా మార్చి, అవకాశమున్నచో వేరొక కంప్యూటరులో తెరచి అక్షరములు నిలిచినవో లేదో పరీక్షించుట. మూడవది, ఆ వ్రాతను మార్పిడి సాధనముతో యూనికోడులోనికి మార్చి, పీడీఎఫ్‌తో సరిచూచుట. మార్పిడిలో వత్తులును సంయుక్తాక్షరములును తారుమారగుట కద్దు. అందుచే తెలుగు బాగుగా చదువగలవారు ఒకమారు తప్పులు దిద్దవలెను. తాతగారు టైపు చేయించిన స్వీయచరిత్ర ఒక్క మీట నొక్కుటతో చదువరాని గీతలైపోయిన పిమ్మట విచారించి ఫలము లేదు.

పాత లెక్కల ప్రోగ్రాముల విషయములోను జాగ్రత్త వలయును. వానిలో కొన్ని ఖాతాల సమాచారమును తమ ఫోల్డరులోనే దాచుకొనును. ఆ ఫోల్డరుకు ముందు నకలు తీసి వేరొక డిస్కులో ఉంచవలెను.

ఇక తొలగించు క్రమము. మొట్టమొదట ఒక రిస్టోర్ పాయింటు ఏర్పరచుకొనవలెను. ఏదైన చెడినచో విండోస్ ఏర్పాట్లను ఆనాటి స్థితికి మరలించుటకు ఇది తోడ్పడును. పెక్కు కంప్యూటర్లలో సిస్టం ప్రొటెక్షను అను సదుపాయము ఆపివేయబడి ఉండును గనుక ముందు దానిని ఆరంభింపవలెను. అయితే ఇది మీ సొంత పత్రములకు రక్ష కాదు. వానికి వేరుగా నకలు ఉండవలసినదే.

రెండవ మెట్టు, ప్రోగ్రామునే పొమ్మని అడుగుట. విండోస్ 11లో సెట్టింగ్స్‌కు వెళ్ళి, యాప్స్ అను భాగములోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ పట్టికను తెరువవలెను. పూర్వపు విండోస్‌లలో కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్ ఆ పని చేయును. పేరు ఎదుట నున్న అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, పని ముగిసిన వెంటనే కంప్యూటరును రీస్టార్టు చేయవలెను. ఈ రీస్టార్టును చాలమంది నిర్లక్ష్యము చేయుదురు. వాడుకలో నున్న ఫైలును విండోస్ సాధారణముగా చెరుపనీయదు. అట్టివానిని మరుసారి తెరచునపుడు తీయవలెనని వ్రాసి ఉంచుకొనును. రీస్టార్టు కానంత వరకు ఆ పని సగములోనే ఉన్నట్లు.

పట్టికలో తెలియని పేర్లు కనిపించినచో తొందరపడరాదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అను పేరుతో నాలుగైదు వరుసలు ఉండుట సామాన్యము. అవి ఒకే వస్తువునకు నకళ్ళవలె తోచును గాని, వేరువేరు ప్రోగ్రాములకు వేరువేరు కూర్పులు ఆధారములు. డ్రైవర్లును అట్టివే. ఏమిటో తెలియనిదానిని ఉంచుటయే మేలు.

అడిగినను పోనిచో కారణమును బట్టి ఉపాయము. ప్రోగ్రాము ఇంకను నడచుచున్నదని చెప్పినచో, టాస్క్ మేనేజరులోని స్టార్టప్ భాగమున దాని పేరును నిలిపివేసి, రీస్టార్టు చేసి, మరల ప్రయత్నింపవలెను. కీబోర్డు ప్రోగ్రాములు కంప్యూటరుతో పాటు మేల్కొనును గనుక వానికి ఇది తరచుగా పనిచేయును. సేఫ్ మోడును కూడ వాడవచ్చును. కాని విండోస్ ఇన్‌స్టాలరు అను సర్వీసు సాధారణముగా సేఫ్ మోడులో నడువదు గనుక దానిపై ఆధారపడిన ప్రోగ్రాములను అక్కడ తీయలేము.

అన్‌ఇన్‌స్టాలరు కనబడుట లేదని చెప్పినచో, విచిత్రముగా తోచినను, అదే ప్రోగ్రామును అదే కూర్పుతో మరల ఇన్‌స్టాలు చేసి అటుపిమ్మట తొలగించుట ఉత్తమము. మరల వచ్చునప్పుడు పోయిన ఫైళ్ళను తెచ్చికొనును, పోవునప్పుడు దస్తరములోని పేరును చెరిపికొని పోవును. పాత సీడీని వెంటనే పారవేయరాదనుట ఇందుకే. యాంటీవైరస్ ప్రోగ్రాములు తమ్మెవరును సులభముగా తొలగింపకుండ కాపలా పెట్టుకొనును. అందుచే వానిని తయారుచేసినవారు ప్రత్యేకముగా తొలగింపు సాధనములను తమ వెబ్‌సైట్లలో ఉంచుదురు. దానిని వారి వద్దనే గ్రహింపవలెను.

చేయరాని పనులు మూడు. రిజిస్ట్రీలో తెలిసీ తెలియక చేయి పెట్టరాదు. అక్కడ ఒక్క పంక్తి తప్పుగా చెరిపినను విండోస్ లేవకపోవచ్చును. రిజిస్ట్రీని శుభ్రము చేయుదుమను ప్రోగ్రాముల వాడకమును మైక్రోసాఫ్ట్ సంస్థ సమర్థించుట లేదు. మిగిలిపోయిన నాలుగు పంక్తులు కంప్యూటరును మందగింపజేయవు. రెండవది, మొండి ప్రోగ్రామును తీసివేయుదుమని ప్రకటనలలో కనిపించు ఉచిత సాధనములను తేరాదు. ఒకదానిని వెడలగొట్టబోయి పదింటిని ఇంట చేర్చుకొనినట్లగును. మూడవది, మీ కంప్యూటరులో దోషమున్నదని ఫోనుచేసి, దూరమునుండి సరిచేయుదుమను అపరిచితులకు కంప్యూటరు అప్పగింపరాదు. వారు తొలగించునది ప్రోగ్రామును కాదు, మీ బ్యాంకులోని సొమ్మును.

ఏ ఉపాయమును ఫలింపనిచో చివరి మార్గమొకటి కలదు. రీసెట్ దిస్ పీసీ అను ఏర్పాటులో సొంత ఫైళ్ళను ఉంచుమని కోరినచో, విండోస్ మీ పత్రములను నిలిపి, మీరు ఇన్‌స్టాలు చేసిన ప్రోగ్రాములన్నిటిని తీసివేసి తన్ను తాను నూతనముగా నెలకొల్పుకొనును. దీనికి ముందు కూడ పత్రములకు నకలు తీయక తప్పదు. పాతదగునది ప్రోగ్రాము మాత్రమే కాదు, విండోస్ కూడ అని మరువరాదు. విండోస్ 10కు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినది. దానినే ఇంకను వాడుచున్నవారు తమ యంత్రము తరువాతి కూర్పునకు తగునో లేదో విచారించుట మంచిది.

సంవత్సరమునకు ఒకమారు, ఇల్లు దులుపుకొను పండుగ దినములలోనైన, ఇన్‌స్టాల్డ్ యాప్స్ పట్టికను ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుట మంచి అలవాటు. ప్రతి పేరు ఎదుట రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని తయారుచేసినవారు నేడును పోషించుచున్నారా? దీనితో మనము వ్రాసినది ఏదైన మిగిలియున్నదా? రెండవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే తొలగించు మీటమీద వేలు పెట్టవలెను.