హదీసు గ్రంథాల డిజిటల్ రూపం - అన్వేషకునికి దారి

జ్ఞానం గ్రంథాలలో భద్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. అవసరమైన వేళ అది అన్వేషకునికి అందాలి. ఈ సత్యాన్ని హదీసువేత్తలు వెయ్యేళ్లకు పూర్వమే గ్రహించారు. నేడు హదీసులను కంప్యూటర్లలో, ఫోన్లలో పొందుపరుస్తున్నవారు వారి నుండి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

హదీసుల కూర్పులో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) (మరణం హి.శ. 241) తమ ‘ముస్నద్’ను ఉల్లేఖించిన సహాబీల పేర్లనుబట్టి కూర్చారు. ఉల్లేఖకుని పేరు ఎరిగినవారికి అది సులభం. విషయం మాత్రమే ఎరిగినవారికి కష్టం. ఇమామ్ బుఖారీ (రహ్మ) (మరణం హి.శ. 256) విషయాన్నిబట్టి ‘కితాబు’లుగా, వాటిలో మళ్లీ ‘బాబు’లుగా విభజించారు. వుజూ, గుస్ల్, హైజ్, తయమ్ముమ్, ఆ తరువాత నమాజు - ఈ వరుసే పాఠకుణ్ణి చేయిపట్టి నడిపిస్తుంది.

ఒక హదీసు పలు విషయాలకు చెందితే దానిని ఆయన పలుచోట్ల ఉంచారు. సంకల్పాన్ని గురించిన హదీసు సహీహ్ బుఖారీలో 7 చోట్ల ఉంది: వహీ ఆరంభం, విశ్వాసం, బానిస విముక్తి, అన్సారుల ఘనత, నికాహ్, ప్రమాణాలు, కుయుక్తులు. ఏ ద్వారం నుండి వచ్చినా పాఠకుడు దానిని చేరుకోగలడు.

మరి డిజిటల్ సంకలనాల మాటేమిటి? వెదికే పెట్టె పదాన్ని పట్టిస్తుంది, భావాన్ని కాదు. ప్రయాణంలో నీరు దొరకని ముస్లిం ‘నీరు’ అని వెదికితే, ఆ పదమున్న హదీసులన్నీ కుప్పగా వచ్చిపడతాయి. ‘తయమ్ముమ్’ అనే మాట తెలియకపోతే తనకు కావలసినది అతనికి చిక్కదు. పైగా బాబు శీర్షిక లేకుండా విడిగా కనిపించిన హదీసు ఏ సందర్భానిదో తెలియక, పాఠకుడు దాని నుండి తప్పు తీర్పు తీసుకునే ప్రమాదముంది. ఇమామ్ బుఖారీ ధర్మావగాహన ఆ శీర్షికలలోనే ఉందని పండితులు చెప్పడం గమనార్హం.

సంఖ్యల చిక్కు మరొకటి. ముద్రణ మారితే హదీసు సంఖ్య మారవచ్చు. ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ క్రమసంఖ్య ప్రకారం పై హదీసు సహీహ్ ముస్లింలో 1907వది. వేరే క్రమాన్ని అనుసరించిన ప్రతిలో ఆ సంఖ్యతో వెదికితే మరో హదీసు ఎదురుకావచ్చు.

కనుక తెలుగులో ఈ సేవకు పూనుకున్నవారు మూడు విషయాలు పాటించాలి. ఒకటి: ప్రతి హదీసుతోపాటు కితాబు, బాబు పేర్లు తప్పక చూపాలి. రెండు: సంఖ్య ఏ క్రమానిదో తెలపాలి. మూడు: ‘జకాత్’, ‘జకాతు’, ‘విధి దానం’ - ఏ మాటతో వెదికినా పాఠకుడు ఒకేచోటికి చేరాలి.

దైవప్రవక్త (సల్లం) ప్రవచనాలు మన చేతిలోని అమానతు. వాటిని పదిలపరచడం ఎంత బాధ్యతో, వాటి వద్దకు సరైన దారి వేయడమూ అంతే బాధ్యత.