వేలితో జరిపితే బండ ఎలా తిరుగుతుంది?

నంగునూరు మండలం నర్మెటలో 2017లో పురావస్తు శాఖవాళ్లు ఇనుప యుగం నాటి పెద్ద సమాధిని తవ్వారు. దాని మీద కప్పిన బండను లేపడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది! అదే బండ రూపాన్ని కంప్యూటర్‌లో తయారుచేస్తే, మీ చిటికెన వేలితోనే గిర్రున తిప్పొచ్చు. ఎలాగంటారా?

నోటుబుక్కు మూలల్లో పేజీకో బొమ్మ గీసి గబగబా తిప్పితే, బొమ్మ కదిలినట్టుంటుంది కదా! ఇక్కడా అంతే. కంప్యూటర్ ముందుగానే బండ రూపాన్ని 10 డిగ్రీలు తిప్పి ఒక చిత్రం తీస్తుంది, మళ్లీ 10 తిప్పి ఇంకొకటి. చుట్టూ 360 డిగ్రీలు తిరిగేసరికి 36 చిత్రాలు. వేలు ముందుకు జరిపితే తర్వాతి చిత్రం, వెనక్కి లాగితే ముందటిది. నిజానికి అప్పుడు ఏదీ తిరగడం లేదు! 1995లో ఆపిల్ కంపెనీ తెచ్చిన క్విక్‌టైమ్ వీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వస్తువులను ఇలాగే తిప్పి చూసేవాళ్లు.

ఇప్పటి ఫోన్లు ఇంకా చురుకైనవి. బండ ఉపరితలాన్ని వేలాది చిన్న త్రిభుజాలుగా గుర్తుపెట్టుకుంటాయి. వేలు కదిలినప్పుడల్లా ఏ త్రిభుజం ఎక్కడ కనిపించాలో లెక్కవేసి, అప్పటికప్పుడు కొత్త చిత్రం గీస్తాయి. అదీ సెకనుకు పదుల సార్లు! నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. ఇందులో బండను బోర్లించి అడుగు వైపూ చూడొచ్చు. కాకపోతే ఆ అడుగును ఎవరో ముందే కొలిచి, ఫొటోలు తీసి ఉండాలి.