హక్కుల సంస్థలను గూర్చిన ఎరుక: ఎవరికి కలదు, ఎవరికి లేదు

చట్టము హక్కు ఇచ్చుట ఒకటి. దానిని అడుగుటకు ఎవరి యొద్దకు పోవలెనో తెలియుట మరియొకటి. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, స్వలింగ ప్రేమికులు, ఇంటర్‌సెక్స్ వ్యక్తుల విషయములో ఈ రెంటి మధ్య దూరము మిక్కుటముగా ఉన్నదని మేము తలంచుచున్నాము.

హైదరాబాదు సంగతి చూతము. నిజాము కాలములో 1919లో ఒక చట్టము చేయబడినది. (మన బైబిలులో నపుంసకుడు అని అనువదింపబడిన ఆంగ్ల పదమే దాని పేరులోనిది.) దాని ప్రకారము నగరములోని కొందరు హిజ్రాల పేర్లు రిజిస్టరులో వ్రాయబడును. అట్లు పేరెక్కినవారు స్త్రీ వేషముతో వీధిలో కనబడినను, ఆడినను, వాయించినను, వారంటు లేకుండ పట్టుకొని రెండేండ్ల వరకు జైలులో ఉంచవచ్చును. 2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో తృతీయ లింగమును గుర్తించిన తరువాతను ఆ చట్టము పుస్తకములలో అట్లే నిలిచినది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు వ్యాజ్యము వేసిరి. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసి, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకును వర్తింపజేయుమని ఆదేశించినది. కోర్టు తలుపు తెలిసిన కొద్దిమంది వలననే ఇది జరిగినది.

మరి తక్కినవారికి ఎందుకు తెలియదు? మా దృష్టిలో ప్రధాన కారణము డబ్బు వచ్చిన దారి. 2003లో మొదలైన ఆవాహన్ పథకము, ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమము కలిసి ఆంధ్రప్రదేశ్‌లో హిజ్రాల మధ్య, పురుషులతో సంబంధమున్న పురుషుల మధ్య సంస్థలను పెంచినవి. ఆ మేలు కాదనలేము. అయితే వ్యాధి లెక్కలలోనికి రాని స్త్రీలు, ఇంటర్‌సెక్స్ వ్యక్తులు ఆ దారికి వెలుపలనే ఉండిరి. స్త్రీలను ప్రేమించు స్త్రీల సంఘములు 1995లో ముంబయిలో, 1999లో కలకత్తాలో పుట్టినవి. పల్నాటి పల్లెలోని అమ్మాయికి ఆ ఊళ్లును, ఆ భాషలును దూరమే. విదేశీ నిధులపై నిలిచిన పని ఒక్కరోజులో ఆగిపోవుటయు కలదు: 2021లో హైదరాబాదులో తెరచిన మిత్ర్ క్లినిక్, అమెరికా సహాయము నిలిచినందున 2025లో మూతపడినది.

ఇట్టి బిడ్డను తల్లిదండ్రులు మొదట తీసికొని వచ్చునది తరచుగా కాపరి యొద్దకే. ప్రార్థించి పంపివేయుట సులభము. ఇంటిలో దెబ్బలు తినుచున్న బిడ్డకు 15100 అను ఉచిత న్యాయసహాయ ఫోను సంఖ్యను, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను తెలుపుటకు సిద్ధాంత వివాదము తేలువరకు ఆగనక్కరలేదు. ఆ సంఖ్యను తల్లిదండ్రుల ఎదుట గాక, బిడ్డకు ఒంటరిగా ఇయ్యవలెను.