పరదేశమున కొలువు పోయినచో భృతి దొరకునా?

ఊరి పెద్దలారా,

మా మూసారాంబాగునకు కూతవేటు దూరమున నున్న దిలుసుఖ్‌నగరు కంప్యూటరు పాఠములకు పేరుపడిన చోటు. అచ్చట చదివి అమెరికాకు పోయిన పిల్లల తండ్రులు మీలో పెక్కుమంది గలరు. అక్కడ కొలువు పోయినదని వార్త వచ్చినప్పుడు వారు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: “పంతులుగారూ, ఆ దేశమున పని లేనివారికి సర్కారు సొమ్మిచ్చునట గదా, మావాని కీయదా?”

ఆ భృతి యెట్టిదో ముందు తెలియవలెను. అది సత్రపు భోజనము కాదు, బీమా. రూజువెల్టు అధ్యక్షుడుగా నుండిన 1935లో చేసిన సాంఘిక భద్రతా చట్టముచే అది దేశమంతట నెలకొన్నది. పనివారి జీతములను బట్టి యజమాని పన్ను కట్టును. మూడు రాష్ట్రములలో మాత్రము పనివాడును కొంత కట్టును. పని పోయినవానికి ఆ నిధినుండి వారమువారము కొంత సొమ్మిత్తురు. పెక్కు రాష్ట్రములలో గరిష్ఠపు గడువు 26 వారములు.

తన తప్పు లేకుండ పని పోవలెను. అంతకుముందు కొంతకాలము సంపాదించి యుండవలెను. ఈ రెంటికిని మన పిల్లలు సరిపోవుదురు. చిక్కంతయు మూడవ నియమమున నున్నది. భృతి కోరువాడు పనికి సిద్ధముగా నుండవలెను. అనగా ఎవరు పిలిచినను చట్టప్రకారము పనిలో చేరగలవాడై యుండవలెను. హెచ్‌-1బి వీసా యొక్క యజమానితో ముడివడినది. అతడు తొలగించిన పిమ్మట, క్రొత్త యజమాని తన అర్జీ దాఖలు చేయువరకు వేరొకచోట పనిచేయు హక్కు లేదు. కావున రాష్ట్రపు కచేరీవారు సాధారణముగా అట్టివాని దరఖాస్తును త్రోసిపుచ్చుదురు. వాని జీతముపై పన్ను కట్టబడియే యున్నది, ఫలము మాత్రము దక్కదు. ఎద్దు నొక్క కాడికే కట్టివేసి, వేరు కాడి మోయుటకు సిద్ధముగా లేదని మేత మాన్పినట్లున్నదని నాకు తోచును.

గ్రీన్‌కార్డు గలవానికి ఈ చిక్కు లేదు. పౌరునివలెనే అతడు కోరవచ్చును. 2015 నుండి హెచ్‌-4 వీసాపై నున్న భార్యలలో కొందరికి పని అనుమతి పత్రము లిచ్చుచున్నారు. అట్టి కోడలు ఎవరివద్దనైనను పనిచేయవచ్చును గనుక, ఆమె కొలువు పోయినచో భృతి దొరకుటకు అవకాశము కలదు. ఒకే యింట మగనికి లేనిది ఆలికి కలుగుట వింతయే!

భృతికంటె ముఖ్యమైనది దినముల లెక్క. 2017 జనవరినుండి అమలైన నిబంధన ప్రకారము, కొలువు పోయిన హెచ్‌-1బి వానికి 60 దినములవరకు గడువు కలదు. వీసా గడువు అంతకుముందే తీరినచో అంతవరకే. ఆలోపల క్రొత్త యజమాని అర్జీ వేయవలెను, లేదా వేరు వీసాకు దరఖాస్తు పెట్టుకొనవలెను, లేదా తిరిగి రావలెను. వీసా కాలము తీరకముందే యజమాని తొలగించినచో స్వదేశమునకు దారిఖర్చు లతడే యీయవలెను. తనంతట మానుకొన్నవానికి అది లేదు. కావున రాజీనామా వ్రాయుమని ఎవరైన మెత్తగా చెప్పినప్పుడు తొందరపడి సంతకము చేయవలదని మీవారికి వ్రాయుడు.

ఇక కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములవారు పోవు దుబాయి సంగతి. ఎమిరేట్లలో 2023 జనవరి 1 నుండి పరదేశీయులకును ఈ బీమా తప్పనిసరి యైనది. మూలజీతము 16,000 దిర్హముల లోపు గలవాడు నెలకు 5 దిర్హములు కట్టును. వరుసగా 12 నెలలు కట్టినవానికి పని పోయినచో, మూలజీతములో నూటికి 60 వంతున, నెలకు 10,000 దిర్హములకు మించకుండ, మూడు నెలలవర కిత్తురు. పని పోయిన 30 దినములలో అడుగవలెను. దేశము విడిచినచో అది ఆగిపోవును. రాజీనామా చేసినవానికిని, దుష్ప్రవర్తనచే తొలగింపబడినవానికిని లేదు. సౌదీలోని సానెద్ అను బీమా ఆ దేశీయులకు మాత్రమే. ఎమిరేట్ల బీమాలో ఇండ్ల పనివారును చేరలేరు. ఇంటివంటకును, ఇంటివారి కారు నడుపుటకును పోయిన మనవారు అందరును ఆ లెక్కలోనివారే.