నడుము నొప్పి - కారణములు, జాగ్రత్తలు



ఎద్దు కుంటినచో అరక ఆపి దానికి వైద్యము చేయింతుము. మన నడుము పట్టినచో మాత్రము 'కష్టజీవికి ఇది మామూలే' అని సరిపెట్టుకొందుము. ఇది పొరపాటు. నాట్ల అదనులో నాలుగు దినములు మంచము పట్టిన కూలికి ఆ నాలుగు దినముల కూలి పోవును. రైతుకు అదను తప్పును.

నడుము భాగమున 5 వెన్నుపూసలు గలవు. పూసకు, పూసకు మధ్య మెత్తని బిళ్ళ యుండి, బరువు పడినపుడు ఒత్తిడిని ఓర్చుకొనును. మోకాళ్ళు వంచక నడుము మాత్రమే వంచినచో తల, చేతులు, మొండెము బరువంతయు నడుము కండరములే మోయవలసివచ్చును. నాట్లు వేయునపుడు, కలుపు తీయునపుడు గంటల తరబడి ఇట్లే యుండుటచే కండరములు అలసి బిగిసికొనును.

బరువు లెత్తుట రెండవ కారణము. నీళ్ళ బిందెను చంకన పెట్టుకొని ఎంత దూరమైన నడతుము. అదే బిందెను చేతులు చాచి పట్టుకొని కొంతసేపైనను నిలువజాలము. బరువు ఒంటికి దూరమైనకొలది నడుముపై భారము హెచ్చును. 45 కిలోల యూరియా బస్తాను వంగి ఎత్తి, అట్లే ప్రక్కకు తిరుగుట మరింత హానికరము. ట్రాక్టరు కుదుపులు, నాగలిని చూచుటకై మాటిమాటికి వెనుకకు తిరుగుట కూడ నొప్పి కలిగించును.

రాత్రి పడుకొనినపుడు పూసల మధ్య బిళ్ళలు నీరు పీల్చుకొని ఉబ్బును. తెల్లవారి నడుము బిరుసుగా నుండుటకు ఇది యొక కారణము. కావున లేచిన వెంటనే వంగి బరువులెత్తరాదు.

పాటింపవలసిన జాగ్రత్తలు:

1. వంగి చేయు పనిలో అర గంట కొకసారి నిటారుగా నిలిచి, నాలుగడుగులు నడువవలెను.

2. బస్తా ఎత్తునపుడు మోకాళ్ళు వంచి, దానిని ఒంటికి ఆనించుకొని లేవవలెను. తిరుగవలసినచో పాదములతో తిరుగవలెను. పెద్ద బస్తాను ఇద్దరు పట్టవలెను.

3. 16 లీటర్ల స్ప్రేయరులో నీటి బరువే 16 కిలోలు. దానిని గట్టుపై నుంచి, రెండు పట్టీలు భుజములకు తగిలించుకొని లేవవలెను.

4. వీలున్నచోట నిలువబడి పనిచేయుటకు అనువైన డ్రమ్ సీడరు, కోనోవీడరు వాడవలెను.

నొప్పి వచ్చినచో రోజుల తరబడి కదలక పడుకొనరాదు, ఓర్చుకొనగలిగినంత నడువవలెను. సాధారణమైన నొప్పి కొన్ని వారములలో తగ్గును. కాని కాలు చచ్చుబడినను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను, మలమూత్రములు పట్టు తప్పినను, అదే దినము ఆసుపత్రికి పోవలెను. జ్వరముతో కూడిన నొప్పిని, పడినందువలన కలిగిన నొప్పిని కూడ ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. ఇట్టివానికి మర్దనము చేయించుచు కాలహరణము చేయరాదు.

పనిముట్టు అరిగినచో మరియొకటి కొనవచ్చును. నడుము అట్లు కొనదగినది కాదు. ఈ నాట్ల నుండియే ఈ జాగ్రత్తలు మీరు పాటించి, మీ పొలమునకు వచ్చు కూలీల చేతను పాటింపజేయుడు.